గుండె నిండటం ఎవరిక్కావాలి?

ఎకో గదిలో, అంటే గుండెని స్కాన్ చేసి చూసే గదిలో, కొత్తగా చేరబోయే పిల్లల కోసం ఏదైనా రాయమని నా పాత స్టూడెంటు ఒకమ్మాయి అడిగింది. "మీ అనుభవాలు రాయండి మేడమ్, ఇన్‌స్పైరింగ్‌గా ఉంటాయి" అంది. నా మొహం! నా అనుభవాల్లో సగం పోట్లాటలే. దిల్‌సుఖ్‌నగర్‌కీ ఎల్‌బీనగర్‌కీ మధ్య మెయిన్ రోడ్డు మీదున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుండె డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. పేరు చెప్పను, చెబితే మళ్లీ ఇంకో పోట్లాట. సర్వీసులో ముప్పాతిక భాగం లైట్లు ఆర్పిన గదిలో, స్క్రీను ముందు కూర్చుని జనాల గుండెలు చూడటంతోనే గడిచింది. కప్పిన శాలువాలు నాకు గుర్తులేవు. గుర్తున్నది ఒక వాక్యం. దాని మీద నా కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి దాని గురించే రాస్తాను.

పంపింగ్ పిచ్చి

బల్ల దిగిన ప్రతి మనిషీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగేది ఒకటే ప్రశ్న. "పంపింగ్ ఎంతుంది మేడమ్?" ఆటో నడిపేవాడూ అదే అడుగుతాడు, కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పే మాస్టారూ అదే అడుగుతాడు. నూటికి అరవై ఉందంటే పరీక్ష పాసైనట్టు మొహం వెలిగిపోతుంది. ఇన్నేళ్లలో ఒక్కరంటే ఒక్కరు "నిండటం ఎలా ఉంది మేడమ్?" అని అడిగిన పాపాన పోలేదు. జనం అడగకపోతే పోనీ, అది వాళ్ల పని కాదు. డాక్టర్లకేం వచ్చింది రోగం?

గుండె ఒకసారి కొట్టుకున్నాక కాసేపు సడలుతుంది. అది విశ్రాంతి అనుకుంటారు. విశ్రాంతీ కాదు, పాడూ కాదు, అసలు పని అప్పుడే మొదలవుతుంది. సడలిన గుండె ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన రక్తాన్ని ముందు తనే లోపలికి లాక్కుంటుంది. తర్వాత కాస్త నెమ్మదిగా నిండుతుంది. చివర్లో పైగది ఒక్క నొక్కు నొక్కి, మిగిలిందాన్ని కూడా కిందికి తోస్తుంది. అప్పుడు మళ్లీ కొట్టుకుంటుంది. నిండితేనే కదా తల్లీ పంపేది? ఖాళీ బిందెను ఎంత బలంగా వంచితే మాత్రం ఏం లాభం?

పేషెంట్లకి నేను బస్సు లెక్కన చెప్పేదాన్ని. పొద్దున ఆఫీసు టైములో దిల్‌సుఖ్‌నగర్ స్టాపులో కోఠి బస్సు ఆగుతుంది. తలుపు దగ్గరున్నవాళ్లు ఒక్క ఊపున ఎక్కేస్తారు. తర్వాత ఒకరొకరుగా ఎక్కుతారు. చివరికి కండక్టరమ్మ "జరగండి, ముందుకు జరగండి" అని ఇంకో నలుగుర్ని లోపలికి తోస్తుంది. అప్పుడు బస్సు కదులుతుంది. ఏళ్లతరబడి బీపీ ఉండి, మాత్రలు సరిగ్గా వేసుకోనివాళ్ల గుండె గోడలు మందమెక్కి బిగుసుకుపోతాయి. ఇంజిను బ్రహ్మాండంగా ఉంటుంది, తలుపే సగం తెరుచుకుంటుంది. ఎక్కలేనివాళ్లు స్టాపులోనే పోగుపడతారు. ఆ స్టాపు మన ఊపిరితిత్తులు. ఇక గుండె వేగం పెరిగిందంటే మరీ దరిద్రం, బస్సు సరిగ్గా ఆగకుండానే పోయినట్టు. మనిషి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతుంది, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. రిపోర్టులో మాత్రం పంపింగ్ అరవై అని, నార్మల్ అని ఉంటుంది.

బల్ల ఎక్కకముందే పుట్టిన రిపోర్టు

మా ఆసుపత్రి ఎండీగారు పొట్ట ఆపరేషన్ల సర్జను. చేతి పనిలో మంచివాడే, అబద్ధమెందుకు చెప్పాలి. గుండె గురించి ఆయనకి తెలిసింది మాత్రం అది ఎడమవైపు ఉంటుందని. ఆయనకి క్యాంపుల పిచ్చి. ఆదివారం వస్తే చాలు, ఎల్‌బీనగర్లోనో హయత్‌నగర్లోనో ఏదో ఒక ఫంక్షన్ హాలు, బయట ఉచిత గుండె పరీక్షలని ఫ్లెక్సీ, లోపల పెళ్లి భోజనాలకి కూర్చున్నట్టు వరసగా జనం. అంతమందికి రిపోర్టులు కొట్టడం ఆలస్యమవుతోందని ఆయన కంప్యూటర్లో ఒక ఫార్మాట్ చేయించాడు. టైపిస్టు రమణ పేరూ వయసూ మారిస్తే చాలు, మిగిలిందంతా దానంతటదే వచ్చేస్తుంది. యాభై దాటిన ప్రతివాళ్లకీ "గ్రేడ్ వన్ డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్, వయసు వల్ల" అని ఒక వాక్యం. అంటే గుండె నిండటం కాస్త మందగించిందని. దాని కింద లావు అక్షరాల్లో "పంపింగ్ నార్మల్". ఆ కింద స్కాన్ చేసి పెట్టుకున్న నా సంతకం.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన గదికి వెళ్లాను.

"ఏమండీ, పేషెంటు బల్ల ఎక్కకముందే నా సంతకంతో రిపోర్టు తయారైపోతోందేమిటి?"

"వయసు మళ్లాక అందరికీ కాస్తో కూస్తో ఉండేదే కదా మేడమ్. రాస్తే తప్పేముంది?"

"లేనివాళ్లకీ, కొంచెం ఉన్నవాళ్లకీ, ప్రాణం మీదికొచ్చినవాళ్లకీ ఒకటే వాక్యమా?"

"తేడాగా ఉన్నవాళ్లకి మీరు మార్చండి. ఎవరొద్దన్నారు?" అన్నాడు. అంటూనే బయట లైను పెరిగిపోతోందని కూడా అన్నాడు.

ఆ వాక్యం ఎంత నష్టం చేసిందో చెబుతాను వినండి. అందరికీ రాయడంతో దాన్ని ఎవరూ చదవడం మానేశారు. ఫిజీషియన్లు కాగితం తిప్పగానే వాళ్ల కన్ను సరాసరి లావు అక్షరాల మీదికే పోయేది. "పంపింగ్ నార్మల్. నీకేం లేదమ్మా, గ్యాస్." మీరు చదివిన పెద్ద పెద్ద పుస్తకాల్లో గుండె నిండటం మీద ఎన్నెన్ని పేజీలున్నాయో నాకూ తెలుసు. అవన్నీ ఈ ఊళ్లో గ్యాస్ మాత్రలో కలిసిపోయాయి.

అండాలు

అండాలుది నల్గొండ వైపు బత్తాయి తోటల ఊరు. పెళ్లయి ఇటొచ్చి, దిల్‌సుఖ్‌నగర్ మెట్రో పిల్లరు పక్కన తోపుడుబండి మీద బత్తాయిలు అమ్మేది. పండ్ల మార్కెట్టు కొత్తపేటలో ఉన్నన్నాళ్లూ నడిచి వెళ్లి సరుకు తెచ్చుకునేది. మార్కెట్టు బాటసింగారం తరలిపోయాక కొడుకు శ్రీశైలం ట్రాలీ ఆటోలో పొద్దున్నే పోయి రావలసి వచ్చింది. అరవై ఏళ్లుంటాయేమో. బీపీ మాత్ర సంగతి అడిగితే "తల నొస్తె ఏస్కుంట మేడమ్, ఉత్తగ ఎందుకు ఏస్కుంట?" అంది.

ఆవిడని కొడుకూ కోడలు లతా తీసుకొచ్చారు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టానో లేదో, నా చెయ్యి పట్టేసుకుంది.

"అమ్మో, జర లేపున్రి మేడమ్! పానం పోతున్నట్టుంది."

పక్కనుంచి లత అందుకుంది. "గిట్లనే చేస్తది మేడమ్. పండుకోమంటె ఆయాసం, బియ్యం సంచి జరపమంటె ఆయాసం. కూసొని సీరియల్ చూసేటప్పుడు మాత్రం ఏం రాదు. అన్ని నాటకాలు."

"కూర్చుంటే రాదు, పడుకుంటే వస్తుంది. అదే రోగం, పిల్లా!" అని కసిరాను.

శ్రీశైలం భార్యని వెనకేసుకొచ్చాడు. "క్యాంపుల సార్ చెప్పిండు మేడమ్. పంపింగ్ అరవై ఉన్నదంట, గుండె పడుసు పోరగాని లెక్క ఉన్నదంట. నీరసం ఉన్నదంటె మా గల్లీ డాక్టర్ సాబ్ బాటిల్ ఎక్కిస్తుండు."

"బాటిల్ ఎక్కించాక ఎలా ఉంటుందమ్మా?" అని అండాలునే అడిగాను.

"ఎక్కిచ్చినప్పుడల్ల ఇంకింత దమ్మొస్తది మేడమ్, ఊపిరాడదు. చెప్తె ఎవలు ఇంటరు? రెండు దిండ్లు ఎత్తు పెట్టుకోని గోడకు ఒరిగి పండుకుంట. మా లత నాకు దయ్యం వట్టిందంటది."

చూశారా? రోగి కోరేదీ పాలే, వైద్యుడు ఇచ్చేదీ పాలే అన్నట్టు ఈ ఊళ్లో నీరసమంటే సెలైన్ బాటిల్. చుట్టాలు అడుగుతారు, డాక్టరు పెడతాడు, అందరికీ తృప్తి. నిండలేక ఛస్తున్న గుండెకి సీసాలకి సీసాలు నీళ్లు ఎక్కిస్తే ఆ నీళ్లెక్కడికి పోతాయి? ఊపిరితిత్తుల్లోకే పోతాయి. ఆ మనిషి తన ఇంట్లోనే, తన మంచం మీదే మునిగిపోతుంది.

తలకింద ఎత్తు పెట్టి ఎకో చేశాను. గోడలు బాగా మందంగా ఉన్నాయి. పైగది రక్తం కిందికి తొయ్యలేక సాగి సాగి పెద్దదైపోయింది. నిండటం ఒక్క అంగుళం కూడా సవ్యంగా లేదు. కొట్టుకోవడం మాత్రం, ఆ క్యాంపు డాక్టరు చెప్పినట్టు, పడుచు పిల్లాడికున్నట్టే ఉంది. నేను చూసింది నోటితో చెప్పి, వివరంగా మార్చి కొట్టమని రమణకి పురమాయించాను. ఒంట్లో పేరుకున్న నీరు తియ్యాలని వార్డులో చేర్పించి, మిగతాది రిపోర్టే చెబుతుందనుకుని తర్వాతి పేషెంటుని పిలిచాను.

మధ్యాహ్నం వార్డుకి వెళ్లేసరికి అండాలు మంచం పట్టీలు రెండు చేతులా పట్టుకుని ముందుకి వంగి కూర్చుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. నోటివెంట నురగ. చేతికి సెలైన్ బాటిల్ వేలాడుతోంది, సగం అయిపోయింది కూడా. పరుగున వెళ్లి ముందు దాన్ని ఆపాను. ఆక్సిజన్ పెట్టించి, నీరు తీసే ఇంజెక్షన్ ఇప్పించి, ఆ మనిషి ఊపిరి దారికొచ్చేదాకా మంచం పక్కనుంచి కదల్లేదు. తర్వాత డ్యూటీ డాక్టరు మీద విరుచుకుపడ్డాను.

"బుద్ధుందా నీకు? ఈ గుండెకి బాటిల్ పెడతావా?"

ఆ కుర్రవాడు కాగితం చూపించాడు. "పంపింగ్ నార్మల్ అని ఉంది మేడమ్. నీరసంగా ఉంది, బాటిల్ పెట్టమని వాళ్లబ్బాయి అడిగాడు. రిపోర్టు మీద మీ సంతకమే ఉంది కదా."

ఉంది. అదే వాక్యం, అవే లావు అక్షరాలు, అదే నా సంతకం. లైను పెద్దదై రమణ కంగారులో పాత ఫార్మాటే కొట్టి పంపేశాడు. పేషెంటు పేరూ వయసూ మాత్రం సరిగ్గా ఉన్నాయి.

మర్నాడు అండాలు తేరుకుంది. మందుల గురించి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మందుల ముచ్చట తర్వాత మేడమ్. ముందుగాల నేను నాటకాలు ఆడుతలేనని మా లతకు చెప్పున్రి. నిన్న పానం పోయేదాక ఒచ్చింది గదా, ఇంకగూడ నమ్ముతలేదు."

లతని కూర్చోబెట్టి బస్సు కథంతా మళ్లీ చెప్పాను. బుద్ధిగా విన్నది. విని, "మీరు మంచిగనే చెప్తున్రు మేడమ్. కాని కాయితం మీద నార్మల్ అనే ఉన్నది గదా" అంది. ఇంటర్ చదివిన పిల్ల. అచ్చులో ఉన్నదే నిజమని మనమే కదా నేర్పాం. ఆ పిల్లని ఏమనగలను?

సరే, ఆ కాగితమే మారుద్దామని మళ్లీ ఎండీగారి దగ్గరికి వెళ్లాను.

"ఒకసారి బయటికెళ్లిన రిపోర్టు మార్చకూడదు మేడమ్. తప్పు ఒప్పుకున్నట్టవుతుంది, లీగల్ ప్రాబ్లం" అన్నాడు.

"రేపు ఇంకెవడో ఈ కాగితం చూసి బాటిల్ పెడితే మనిషి పోతుందండీ!"

"బాగానే ఉంది కదా ఇప్పుడు. మీరు మరీ ఎమోషనల్ అవుతారు" అన్నాడు ఆ మహానుభావుడు.

బాటిల్ పెట్టొద్దని మందుల చీటీ మీద చేత్తో రాసిచ్చాను. లత దాన్ని మడిచి మాత్రల కవర్లో పెట్టింది. వాళ్ల ఫోన్లో ఫొటో తీసి దాచుకున్నది మాత్రం అచ్చేసిన రిపోర్టే. ఆ గల్లీ డాక్టరుకి చూపించేదీ అదే. అండాలు ఇంటికి పోతూ నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా కళ్లలోనే ఉంది. మళ్లీ ఎవరైనా బాటిల్ పెడితే ఆపేవాళ్లు లేరని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

శకునం చెప్పే బల్లి

కొన్నాళ్లకి ఎండీగారికి ఏటేటా చేయించుకునే చెకప్ వచ్చింది. ఆయన వస్తున్నాడని బయట లైను ఆపేశారు. బల్ల మీదికి కొత్త దుప్పటి వచ్చింది. ఆయన ఎక్కి పడుకుని, "తొందరేం లేదు మేడమ్, నిదానంగా చూడండి" అన్నాడు. విన్నారా మాట? అండాలుకి రెండు నిమిషాలు ఎక్కువ పట్టిందని రిసెప్షన్ నుంచి ముమ్మారు ఫోన్ చేయించిన మనిషి!

నిదానంగానే చూశాను. హాయిగా ఉంది గుండె. లాక్కునేటప్పుడు లాక్కుంటోంది, నిండేటప్పుడు నిండుతోంది. "బాగుందండీ" అని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆగాను. ఆయన చొక్కా వేసుకుని వెళ్లాక రమణని పిలిచాను.

"సారు రిపోర్టు ఎలా కొట్టమంటారు మేడమ్?"

"అందరికీ ఎలా కొడతావు? అలాగే కొట్టు. వయసు యాభై దాటింది కదా."

రమణ నా మొహంలోకి చూశాడు, నవ్వాపుకుంటూ వెళ్లిపోయాడు. అరగంట గడిచిందో లేదో ఎండీగారు స్వయంగా ఎకో గదికి దిగివచ్చారు. చేతిలో కాగితం. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టుంది ఆయన వాలకం.

"ఏమిటి మేడమ్ ఇది? డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అంటున్నారు! నెట్‌లో చూస్తే ముదిరితే హార్ట్ ఫెయిల్యూర్ అంట. మా ఆవిడ ఏడుపు మొదలెట్టింది."

"కంగారెందుకండీ? వయసు మళ్లాక అందరికీ కాస్తో కూస్తో ఉండేదే. రాస్తే తప్పేముంది?"

"అది కాదండీ, నాకు ఉందా, లేదా?"

"లేదు. మీ గుండె శుభ్రంగా నిండుతోంది."

"మరెందుకు రాశారు?"

"నేనెక్కడ రాశాను? మీ కంప్యూటర్ రాసుకుంది. నా సంతకం కూడా అదే పెట్టుకుంది."

"అయితే ఇప్పుడే మార్చండి!"

"ఒకసారి బయటికెళ్లిన రిపోర్టు మార్చకూడదు కదండీ. లీగల్ ప్రాబ్లం."

తలుపు దగ్గర నిలబడ్డ రమణ గోడవైపు తిరిగిపోయాడు. సాయంత్రానికల్లా ఫార్మాట్ తీసేశారు. నేను చూసి, నేను చెప్పి, నేను చదివి పెడితే తప్ప నా సంతకం పడకూడదని ఆర్డరు కూడా వచ్చింది. అడిగినవాళ్లకి పాత రిపోర్టులు మార్చి ఇవ్వొచ్చన్నారు. ఆ లీగల్ ప్రాబ్లం ఏ గాలికి కొట్టుకుపోయిందో మరి!

నన్నందరూ మెచ్చుకున్నారు. భలే బుద్ధి చెప్పారు మేడమ్ అన్నారు. నాకు మాత్రం సంతోషం కలగలేదు, ఒళ్లు ఇంకా మండింది. బత్తాయిలమ్ముకునే మనిషి నోటివెంట నురగలు కక్కినా కదలని వాక్యం, ఆయన పెళ్లాం రెండు కన్నీటి చుక్కలు రాల్చేసరికి కదిలింది. పిల్లల్లారా, ఇది మీ ఉద్యోగంలోనూ ఉంటుంది. రిపోర్టులో మీరు ఊరికే రాసిపడేసే ప్రతి మాటనీ రేపు మీ అమ్మ పేరు కింద పెట్టి చదువుకోండి. పడుకుంటే ఊపిరాడదని ఎవరైనా అంటే ముందు నమ్మండి, ఆ తర్వాత మిషన్ ఆన్ చెయ్యండి. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం?

గట్టిగ సదువు

ఆర్డరు వచ్చిన మర్నాడే శ్రీశైలానికి ఫోన్ చేయించాను. వారం తిరక్కుండా ముగ్గురూ వచ్చారు. అండాలు సంచీలో బత్తాయిలు తెచ్చింది. మాత్రలు రోజూ వేసుకుంటోందట, మెట్లు ఆగి ఆగి ఎక్కగలుగుతోందట. "మొన్న జెరమొస్తె గల్లీ డాక్టర్ సాబ్ మళ్ల బాటిల్ తీసిండు మేడమ్. నేను మంచం దిగి ఉరికిన" అంది. నాకు ముందు నవ్వొచ్చింది. ఊపిరాడని మనిషి మంచం దిగి పరిగెత్తి ప్రాణం దక్కించుకోవాలా? అంత చదువూ చదివి మనమంతా ఉన్నదెందుకు?

మళ్లీ ఎకో చేశాను. రమణ పక్కన కూర్చుని ఒక్కొక్క వాక్యం చెప్పి కొట్టించాను. పంపింగ్ అంకెని అట్టడుగుకి తోయించాను, లావు అక్షరాలు తీయించాను. ఇంగ్లీషు అయ్యాక, "ఇప్పుడు తెలుగులో కొట్టు" అన్నాను. రిపోర్టులో తెలుగేమిటి మేడమ్ అన్నాడు రమణ. కొట్టమంటే కొట్టు అన్నాను. సంతకం ఈసారి పెన్నుతో పెట్టాను.

కాగితం అండాలు చేతికిచ్చాను. ఆవిడకి చదువు రాదు. అటూ ఇటూ తిప్పి చూసి కోడలికి అందించింది. "సదువు బిడ్డా."

లత ఇంగ్లీషు దాటేసి కింద తెలుగు చదివింది. "ఈమె గుండె సరిగ్గా నిండటం లేదు. ఈమెకు సెలైన్ ఎక్కించేముందు గుండె డాక్టరుని తప్పకుండా అడగాలి." అక్కడ ఆగిపోయింది.

"ఇంకేం లేదా?"

"ఉన్నది అత్తమ్మా."

"మరి సదువు."

లత గొంతు సవరించుకుంది. "పడుకుంటే ఊపిరాడదని ఈమె చెప్పేది నిజం."

శ్రీశైలం నేలచూపులు చూస్తున్నాడు. అండాలు కొంగుతో కళ్లు తుడుచుకోలేదు, ఏమీ లేదు. కుర్చీలో నిటారుగా సర్దుకుని కూర్చుంది.

"ఇనొస్తలేదు. గట్టిగ సదువు" అంది.